అరిచేవారి ఫిర్యాదులోనూ నిజం ఉండొచ్చు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పిల్లల్ని చదివిస్తున్న తెలుగువాళ్లకు ఈ తంతు కొత్త కాదు. రాత్రి పదింటికి క్లాస్ టీచర్‌కు వాట్సాప్ మెసేజ్, పొద్దున్నే ప్రిన్సిపాల్‌కు మెయిల్, మధ్యాహ్నానికి దాని కాపీ విద్యాశాఖకు. అడిగేది ఒక్కటే: "మావాడికి కన్నడం తీసేయండి." కర్ణాటక బడుల్లో కన్నడం నేర్పడం 2015 నాటి చట్టం, ప్రిన్సిపాల్ చేతిలో లేదు. ఆ ముక్క మొదటిరోజే రాసివ్వకుండా "చూద్దాం సార్" అనడంతో సగం గొడవ మొదలవుతుంది. మిగతా సగం, రెండుసార్లు కాదని మూడోసారి అరుపులకు తలొగ్గడంతో. అరిస్తే పనవుతుందని ఆ పూటే పేరెంట్స్ గ్రూపు మొత్తానికీ తెలిసిపోతుంది.

అలాగని దురుసు మెయిల్‌ను చదవకుండా పక్కన పడేస్తే ఇంకా ప్రమాదం. "టీచర్‌ని తీసేయండి" అంటూ మూడు పేజీలు రాసినాయన, నాలుగో పేరాలో "పిల్లాడితో గంటసేపు గోడకుర్చీ వేయించారు" అని ఉండొచ్చు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. రాసినవాడి నోరు ఎలాంటిదైనా ఆ వాక్యంపై విచారణ జరగాల్సిందే. అందుకే మెయిల్‌ను అంశాలుగా విడగొట్టి, ఒక్కోదానికీ జవాబు రాయాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ప్రజల ఫిర్యాదులు విచారించే సంస్థ అంబుడ్స్‌మన్. ఫిర్యాదుదారులు హద్దుమీరే తీరును అది అయిదుగా విభజించింది: వదలకుండా వెంటపడటం, అసాధ్యమైనవి కోరడం, సహకరించకపోవడం, పసలేని వాదనలు, దురుసుతనం. ముద్ర పడేది ప్రవర్తన మీదే, మనిషి మీద కాదు. మన ఆఫీసుల్లో "ఆయనో న్యూసెన్స్" అని పేరు పడితే, తర్వాత ఆయన తెచ్చే ఏ కాగితానికీ విలువ ఉండదు.

అలా హద్దుమీరేవారిపై ఆంక్ష తప్పదనుకుంటే, ముందొక హెచ్చరిక. తర్వాత లేఖ: ఇకపై మాట్లాడేది ఫలానా ఒక్కరే, వారానికి ఒక జవాబు, ముగిసిన అంశాలివి, మూడు నెలలకు సమీక్ష, అప్పీలు ఇక్కడ. పిల్లల భద్రత విషయమైతే ఏ ఆంక్షా వర్తించదు. బెదిరిస్తే పోలీసులే.

ప్రభుత్వ ఆఫీసుల్లో మరో చిక్కు. సమాచార హక్కు దరఖాస్తులకే 75 శాతం సిబ్బంది తమ 75 శాతం సమయం వెచ్చించే పరిస్థితి రాకూడదన్న 2011 నాటి సుప్రీంకోర్టు మాట అధికారులకు కంఠతా వచ్చు. ప్రభుత్వ సేవలను గడువులోగా అందించాలనే కర్ణాటక చట్టం 'సకాల' కింద గడువు దాటితే రోజుకు 20 రూపాయలు, గరిష్ఠంగా 500 దరఖాస్తుదారుకు చెల్లించాలన్నది మాత్రం గుర్తుండదు. గడువు మీరాక రోజూ వచ్చి నిలదీసేవాణ్ని వేధిస్తున్నాడనడం అన్యాయం. కాబట్టి ఆంక్ష లేఖపై సంతకం, ఫిర్యాదు ఎవరి మీదో ఆ అధికారిది కాకుండా పైవారిది కావాలి.