పైపు పెడితే మిషన్ పాడైపోద్దండి

సంక్రాంతికి మా రోడ్డు పక్క రైస్ మిల్లు గోడకి తెల్లరంగు వేశారు. శివరాత్రికల్లా బూడిదరంగు. ఉగాదికి మిల్లు పేరులో సగం అక్షరాలు మాయం.

అయినా కంగారు పడక్కర్లేదు. ఇటు తిరిగే ఇసుక లారీలన్నిటికీ పొల్యూషన్ సర్టిఫికెట్లున్నాయి. ఇస్తుంటే కళ్లారా చూశాను కూడా. సెంటర్లో వ్యాన్, వ్యాన్‌లో మిషన్, మిషన్‌కి తొడుగు తీయని పైపు. ఇసుక ర్యాంపు నుంచి వచ్చిన లారీ ఎక్సలేటర్ నొక్కగానే పక్క టీకొట్టు కనబడకుండా పోయింది. పొగలోంచే ఎవరో "రెండు టీ" అన్నారు. వ్యాన్ కుర్రాడు తువ్వాలు ముక్కుకి కట్టుకుని నంబర్ ప్లేటు ఫొటో తీశాడు. "సైలెన్సర్లో పైపు పెట్టవా బాబూ?" అన్నాను.

"ఆ పొగకి పెడితే మిషన్ పాడైపోద్దండి!"

నిజమే, పాతిక రూపాయల మనిషి కోసం అంత ఖరీదైన మిషన్ని పాడుచేసుకుంటారా? బళ్ల పొగకి హద్దు పెట్టే బీఎస్-6 నిబంధన అంటారా, 2020 ఏప్రిల్ నుంచి వచ్చింది, కొత్త బళ్లకి. మన లారీలు దానికన్నా వయసులో పెద్దవి. పెద్దల్ని గౌరవించాలి కదా.

మిల్లు ఓనరు గారి బెంగంతా రేకుల మీద. కాకినాడ నుంచి ఇంజినీరుని పిలిపించారు. పొగలోని గంధకం, నైట్రోజన్ వాయువులు తేమతో కలిస్తే ఆమ్లమవుతాయనీ, అది ముందు జింకు పూతని, తర్వాత ఇనుముని తినేస్తుందనీ ఆయన చెప్పారు. గోదావరి జిల్లాల్లో తేమకి కరువా! పైగా సముద్రపు ఉప్పుగాలి. రేకులకి ప్రైమర్, దాని మీద రెండు కోటింగులు అని రాసిచ్చి వెళ్లారు.

అదే గోడ నీడలో హమాలీలు క్యారేజీలు విప్పుకుంటారు. వాళ్లకి ఏ కోటింగూ రాయలేదు. వాళ్లలో ఒకాయన కూతురు రెండో తరగతి. వారానికి రెండుసార్లు ముక్కుకి నెబ్యులైజర్ మాస్కు. చీటీ మీద "డస్ట్ ఎలర్జీ" అని ఉంది. ఎలర్జీ ఏమిటండీ? డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. వెంట్రుకలో ముప్పయ్యో వంతు కూడా లేని నుసి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి, అక్కణ్ణుంచి రక్తంలోకి పోతుంది. ఇనుమునే తినేసే గాలి ఆ పసిదాని గొంతులో ఏం చేస్తోందో చెప్పడానికి ఇంజినీరు కావాలా? సిగ్గులేకుండా దాని ఒంటికే రోగమని పేరు పెడతారా!

నిన్న మిల్లుకి పెయింటరు మళ్లీ వచ్చాడు. ఈసారి బూడిదరంగే వేయమన్నారట.