సవరణ: బండి ఎక్కిళ్లకు మందు మిక్స్చర్ స్క్రూ కాదు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు పాత కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) మారుతి 800 నడిపేవాళ్లకు గత పోస్టులో ఒక తప్పు చెప్పాం. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఎక్కిళ్లు పెడితే (కుదుపులతో తడబడితే) మిక్స్చర్ స్క్రూ, అంటే పెట్రోలు-గాలి పాళ్లు సరిచేసే స్క్రూ, విప్పమన్నాం. మన్నించండి, ఆ స్క్రూ ప్రభావం దాదాపు ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడటం) వరకే.

ముందు చూడాల్సింది యాక్సిలరేటర్ పంపు, అంటే తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే చిన్న పంపు. ఇంజన్ ఆపి, చల్లారాక ఎయిర్ ఫిల్టర్ తీసి థ్రాటిల్ లివర్ (యాక్సిలరేటర్ కేబుల్ లాగే మీట) చేత్తో లాగండి. కార్బురేటర్ గొంతులోకి పెట్రోలు వెంటనే సన్నటి ధారగా పడాలి. చుక్కలుగానో, ఆలస్యంగానో పడితే పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచటి పొర) చిరిగి ఉండవచ్చు, లేదా జెట్ (పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రం) మూసుకుపోయి ఉండవచ్చు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇది ప్రమాదం, వాయిదా వేయకండి.

ఐడ్లింగ్ కూడా కుదురుగా లేకపోతే గాలి లీకు వెతకండి: కార్బురేటర్ కింది గాస్కెట్, పగిలిన వాక్యూమ్ పైపులు. ఇంజన్ ఆడుతుండగా ఒక్కో పైపూ నొక్కి పట్టండి. ఇంజన్ కుదుటపడితే లీకు అటువైపే. మిక్స్చర్ స్క్రూ ఆఖర్న: మెల్లగా మూసి (బిగిస్తే సూది మొన పాడవుతుంది), సుమారు 1½ చుట్లు వెనక్కి తిప్పి అక్కణ్ణుంచి సరిచూసుకోండి.