సవరణ: ‘ది అవర్స్’ ఏ నవల ఆధారంగా తీశారు?

‘ది అవర్స్’ (2002) సినిమా వర్జీనియా వుల్ఫ్ నవల ‘మిసెస్ డాలోవే’ ఆధారంగా తీశారని నిన్న రాశాను. అది తప్పు. సినిమాకి ఆధారం మైకేల్ కనింగ్‌హామ్ 1998లో రాసిన ‘ది అవర్స్’ నవల. వుల్ఫ్ ‘మిసెస్ డాలోవే’కి మొదట అనుకున్న పేరు కూడా అదే. నేను పొరబడింది అక్కడే.

ఇంకోటి, సినిమాలో లారా అనే గృహిణి కథ జరిగేది నేను రాసినట్టు 1941లో కాదు, 1951లో, లాస్ ఏంజెలెస్‌లో. 1941 వుల్ఫ్ చనిపోయిన ఏడాది.

లారా గురించి రాసిన మిగతా మాటల్లో మార్పు లేదు. భర్త పుట్టినరోజుకి చేసిన కేకు సరిగ్గా కుదరలేదని చెత్తబుట్టలో పడేసి, మళ్ళీ మొదటినుంచి ఇంకోటి చేస్తుంది. పక్కనే చిన్న కొడుకు అమ్మ మొహంలోకే చూస్తుంటాడు. ఆ చూపు నన్నింకా వదల్లేదు. తప్పు చూపించినవాళ్ళకి కృతజ్ఞతలు.