చేతిరాత ఫాంట్‌ని చేత్తో రాసినట్టే ఉండనివ్వండి

దయచేసి కర్సివ్ ఫాంట్‌లో, అంటే అక్షరాలు కలిపి చేత్తో రాసినట్టుండే ఫాంట్‌లో, మాట మొత్తం క్యాపిటల్ లెటర్స్‌తో పెట్టకండి. నిన్న మళ్లీ అలాంటి పోస్టర్ ఒకటి చూశాను, ఉండబట్టలేక రాస్తున్నా. ఆ ఫాంట్‌లో క్యాపిటల్ అంటే మాట మొదట్లో ఒక్కసారి వచ్చి, పక్కనున్న చిన్న అక్షరానికి చెయ్యి అందించేది. అలాంటివి పది వరసగా పేరిస్తే ఒకదాని మెలికలు ఇంకోదాని మీద పడతాయి. చదివేవాళ్లు కూడబలుక్కోవాల్సిందే.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ ఫాంట్లు తయారుచెయ్యడం మామూలు పని కాదు. ఇంగ్లీషు చిన్న 'ఏ' పక్కన 'ఎన్' కలిపి రాసి చూడండి, గీత అడుగు నుంచి వెళ్లి కలుస్తుంది. 'ఓ' పక్కన అదే 'ఎన్' రాయండి, ఈసారి గీత పైనుంచి వస్తుంది. ఇలా ఏ అక్షరం పక్కన ఏది పడ్డా అతుకు కనపడకూడదు. ఫ్రెంచ్ డిజైనర్ రోజె ఎక్స్‌కొఫాన్ 1953లో తన సొంత చేతిరాతని మిస్ట్రాల్ ఫాంట్‌గా మలిచింది సీసం అచ్చుల కాలంలో! ఒక్కో అక్షరం విడి లోహపు ముక్క. పక్కపక్కన పేరిస్తే కలం ఎత్తకుండా రాసినట్టు ఉండాలి. ఉంది కూడా. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్ ఉంది కాబట్టి, పక్క అక్షరాన్ని బట్టి రూపం మారేలా ఫాంట్‌లోనే ఏర్పాటు చెయ్యొచ్చు. 'లెటర్' అన్న మాటలో రెండు 'టి'లు వస్తాయి కదా, చేత్తో రాసేటప్పుడు చాలామంది రెండిటికీ కలిపి ఒకటే అడ్డగీత లాగేస్తారు. శ్రద్ధగా చేసిన ఫాంట్లలో ఆ జంటకి విడిగా ఒక రూపం గీసి పెడతారు. మీ సాఫ్ట్‌వేర్‌లో లిగేచర్స్ (ఇలా కలిపి గీసిన జంట రూపాలు), కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ (పక్క అక్షరాన్ని బట్టి మారే రూపాలు) ఆన్‌లో ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి. లేకపోతే రెండు 'టి'లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా పడతాయి, ఇది చేతిరాత కాదని అక్కడే తెలిసిపోతుంది. అక్షరాల మధ్య ఖాళీ అయితే అస్సలు పెంచకండి, గొలుసు తెగినట్టు అతుకులన్నీ ఊడిపోతాయి.

కిందటేడాది ఒక క్లయింట్ విజిటింగ్ కార్డు మీద ఫోన్ నంబర్ కూడా ఇదే ఫాంట్‌లో కావాలన్నారు. వద్దని చెప్పాను, వినలేదు, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఆ చిన్న సైజులో 1కీ 7కీ తేడా తెలియక ఫోన్లు వేరెవరికో వెళ్లాయి. కార్డులన్నీ మళ్లీ వేయించాల్సి వచ్చింది. అప్పట్నుంచి నంబర్లు, అడ్రసులు, పేరాలు ఈ ఫాంట్‌లో పెట్టమంటే ఒప్పుకోవట్లేదు.

మరి ఎక్కడ వాడాలి? ఒక మనిషి స్వయంగా చెబుతున్నట్టు ఉండాల్సిన చోట. ఉత్తరం కింద సంతకం, కృతజ్ఞతలు చెప్పే కార్డు, ఫొటో పక్కన నాలుగు మాటలు. పెద్ద సైజులో, చుట్టూ ఖాళీ వదిలి, మిగతాదంతా సాదా ఫాంట్‌లో పెడితే ఆ నాలుగు మాటలూ ఎంత ఆప్యాయంగా ఉంటాయో! పేజీలో ఇలాంటిది ఒకటి చాలు, రెండోది పెడితే ఇద్దరి చేతిరాతలు కలిసిపోయినట్టు ఉంటుంది.

నేనైతే అసలు సైజులో ప్రింట్ తీసి, అందులో ఏముందో తెలియని వాళ్లకిచ్చి పైకి చదవమంటాను. గడగడా చదివితే ఉంచుతా. ఒక్క అక్షరం దగ్గర తడుముకున్నా ఆ మాటకి వేరే ఫాంట్ వెతుక్కుంటా.