మూడో రౌండ్ డ్రా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్ డ్రా గారికి,

ఇంగ్లండ్ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల తరఫున నమస్కారాలు. కప్పులో పెద్ద క్లబ్బులు దిగేది తమరి రౌండ్‌లోనే, ఎవరికి ఎవరు తగలాలో తేల్చేదీ తమరే. ఏటా డిసెంబర్లో తమరు బంతులు తీస్తుంటే కోచ్ ఏదో గెలవదగ్గ జట్టు రావాలని మొక్కుకుంటాడు. లెక్కలు రాసే ఆయన మొక్కు వేరు: మాంచెస్టర్ యునైటెడ్ తగలాలి, అదీ వాళ్ల గ్రౌండ్‌లోనే. చితక్కొట్టించుకోవడానికి ఇంత ఆత్రమా అంటే, టికెట్ల రాబడిలో 45 శాతం వాటా మరి!

2005లో ఎక్సెటర్ సిటీని కటాక్షించారు. లీగుల నిచ్చెనలో ఐదో అంచెలో, అప్పుల్లో ఉన్న క్లబ్. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 0-0తో నిలిచి, సొంతూళ్లో రీప్లే (సమమైతే మళ్లీ ఆడే ఆట) 0-2తో ఓడి, ఆ డబ్బుతో అప్పుల గండం గట్టెక్కింది. 2008లో మళ్లీ నాలుగో అంచెకెక్కి ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది. తమరి భక్తులకు ఈ కథ కంఠతా వచ్చు. అప్పటికే క్లబ్ అభిమానుల ట్రస్ట్ చేతికొచ్చిందన్న ముక్క మాత్రం ఎందుకో మింగేస్తారు.

స్కార్‌బరో పేరైతే అసలు ఎత్తరు. తమరి తమ్ముడు నాలుగో రౌండ్ గారు 2004లో వాళ్లింటికి చెల్సీనే పంపించారు. 2007కల్లా క్లబ్ మూతపడింది.

అసలు తిరకాసంతా చెక్కు అందాకే. ఛైర్మన్‌కి కారుతున్న డ్రెస్సింగ్ రూమ్ కప్పు గుర్తురాదు, కుర్రాళ్ల జట్టూ గుర్తురాదు. ముప్పై దాటిన స్ట్రైకర్ ఒకడు గుర్తొస్తాడు. రెండేళ్ల కాంట్రాక్టు! అతని జీతం వారం వారం ఇవ్వాలి, తమరేమో ఎప్పుడో గానీ రారు. లింకన్ సిటీ 2017లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి, వచ్చిన డబ్బులో కొంత ప్రాక్టీసు గ్రౌండ్ మీద పెట్టింది. అయితే అదే సీజన్లో తన లీగ్ కూడా గెలిచింది. జట్టు బాగుంది కాబట్టి తమరి దాకా వచ్చింది గానీ, తమరొచ్చాక బాగుపడలేదు. ఆ ఘనత దయచేసి ఖాతాలో వేసుకోకండి.

అన్నట్టు, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. 2024-25 నుంచి రీప్లేలు ఎత్తేశారు, పెద్ద క్లబ్బులకు క్యాలెండర్లో ఖాళీ లేదట. 2025 జనవరిలో ఐదో అంచె టామ్‌వర్త్ సొంత గ్రౌండ్‌లో పెద్ద క్లబ్ టోటెనమ్‌ను 90 నిమిషాలు 0-0తో ఆపింది. పాత రూలే ఉంటే టోటెనమ్ వాళ్ల 60 వేల సీట్ల స్టేడియంలో రెండో ఆట, అందులో వాటా. కొత్త రూల్ పుణ్యాన ఎక్స్‌ట్రా టైమ్‌లో మూడు గోల్స్ తిని ఇంటికెళ్లింది. ఆ వాటా ఎవరి ఖాతాలో రాసుకోవాలో కాస్త సెలవివ్వగలరు.

ఇట్లు,
చిన్న క్లబ్ లెక్కలు చూసే ఒకడు