మంచెత్తే చదువు

నెల్లూరు జిల్లాలో తెల్లగా పేరుకునే మంచు పడదు. పడినట్టు దాఖలాలూ లేవు. డిసెంబరులో ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలకు దిగితే చాలు, మంకీ క్యాపు లేనిదే పాల ప్యాకెట్టుకు కూడా బయటికి రాని జనం మనం. అయినా పిల్లల్ని అమెరికా పంపిన ఈ జిల్లాలో మంచు సంగతి తెలియని మధ్యతరగతి ఇల్లంటూ లేదు. పొద్దున నడకకు వచ్చిన పెద్దమనుషులు సోమశిల జలాశయంలో నీళ్ళెన్ని టీఎంసీలని అడగడం ఎప్పుడో మానేశారు.

"మీ వాడి దగ్గర ఎన్ని అంగుళాలు సార్?"

"రాత్రికి పది. మీ అల్లుడి దగ్గర?"

"పద్నాలుగు" అని రెండో ఆయన తల ఎగరేసి ముందుకు సాగిపోతాడు.

వీరి పరిజ్ఞానం సామాన్యమైనది కాదు. న్యూయార్క్ నగరంలో పగటిపూట మంచు ఆగితే నాలుగు గంటల్లోగా ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలనీ, రాత్రి తొమ్మిది దాటాక ఆగితే మర్నాడు పదకొండు వరకు గడువు ఉంటుందనీ వీరికి కంఠతా వచ్చు. మన ఇంటి ముందు కాలువలో చెత్త వేయకూడదన్న నిబంధన మాత్రం ఇంకా వీరి దృష్టికి రాలేదు. ఏటా ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలో పంక్సటానీ అనే ఊళ్ళో, ఉడుత జాతికి చెందిన ఒక బొరియ జంతువును జనం ముందుకు తెస్తారు. అది తన నీడ చూసుకుంటే చలి ఇంకో ఆరు వారాలు ఉన్నట్టు లెక్క. 1887 నుంచి సాగుతున్న ఈ వేడుకను మనవాళ్ళు ఎంతో గౌరవంతో ఫోనులో చూస్తారు. బల్లి శకునం చెప్పిన అత్తగారిని చూసి నవ్వేదీ వీరే.

సరే, అసలు విషయం పార. వీడియో కాల్‌లో అబ్బాయి ప్రత్యక్షమవుతాడు. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. గరాజు నుంచి రోడ్డు దాకా మంచు ఎత్తిపోసుకుంటూ వస్తాడు. చివరికి చేరి నడుము నిలబెట్టేసరికి మున్సిపాలిటీ బండి వచ్చి, రోడ్డు మీది మంచంతా పక్కకు నెట్టి, సరిగ్గా అతని దారికి అడ్డంగా మోకాలెత్తు గట్టు వేసి వెళ్ళిపోతుంది. అబ్బాయి మళ్ళీ పార ఎత్తుతాడు. ఇక్కడ తల్లి కళ్ళు చెమరుస్తాయి. "మా వాడు ఎంత పనిమంతుడో!" నెల్లూరులో ఉన్నన్నాళ్ళూ తిన్న కంచం తీయని వాడే ఈ పనిమంతుడు. పార పట్టే అగత్యం రాకూడదనే గదా, కోవూరు పక్కన రెండెకరాలు అమ్మి మరీ చదివించారు! రెండెకరాల్లో తప్పిన పార ఒక సెంటు జాగాలో దొరికింది.

ఇంత కష్టం దేనికంటే, జూలై కోసం. అక్కడ పేరున్న పార్కుల్లో గుడారం వేసుకునే చోటు చాలావాటికి ఆరు నెలల ముందే బుక్ చేయాలి. నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి, జనవరిలో ఒక చేత పార, ఒక చేత ఫోను. చోటు దొరికితే వేసవిలో అడవికి వెళ్ళి, కట్టెలు కొనుక్కుని, పొయ్యి రాజేసి, చెట్టు కింద వండుకు తింటారు. ఇక్కడ కార్తీకంలో ఉసిరి చెట్టు కింద జరిగేదీ ఇదే, కాకపోతే చెట్టును ముందుగా బుక్ చేయనక్కర్లేదు. మైపాడు సముద్రానికైతే ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు తిని లేచాక అనుకుని, పొద్దు గూకేలోపు చేరుకోవచ్చు.

మన అడ్డంకి ఈశాన్య రుతుపవనాలు. సరిగ్గా వనభోజనాల వేళకే వానలు దంచుతాయి, కాలువలు పొంగి వీధంతా బురద మేటలు వేస్తుంది. దాన్ని ఎత్తేందుకు ఒకడు వస్తాడు. చేతికి తొడుగు ఉండదు, కాలికి బూటు ఉండదు. తొడల దాకా మురుగులో నిలబడి పూడిక తీసి గట్టున పోస్తాడు. అంగుళాల పెద్దమనుషులు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అటునుంచి తప్పుకుంటారు. వీడియో తీసే పని ఎవరూ పెట్టుకోరు.

జిల్లా భవిష్యత్తు దృష్ట్యా నా ప్రతిపాదన ఇది. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం పిల్లలకు ఇసకపల్లి ఉప్పు మళ్ళలో మంచు శిక్షణ ఇవ్వాలి. తెల్లగా ఉంటుంది, కుప్పలుగా ఉంటుంది, నడుము అంతే పడిపోతుంది. పైగా అక్కడి రోడ్ల మీద మంచు కరగడానికి చల్లేది ఉప్పే. మైనస్ తొమ్మిది దాటి చలి ముదిరితే మామూలు ఉప్పు పని మందగిస్తుంది, అప్పుడు కాల్షియం క్లోరైడ్ చల్లాలి. ఇది థియరీ పేపరు. 1930లో టంగుటూరి ప్రకాశం పంతులు దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహం నడిపినప్పుడు ఉప్పు ఎత్తితే జైలు. ఇప్పుడు ఎత్తడం నేర్చుకుంటే వీసా ఇంటర్వ్యూలో పనికొస్తుందేమో.

బోధకులుగా ఉప్పు కూలీలనే పెట్టవచ్చు. ఎర్రటి ఎండలో ఏళ్ళ తరబడి చేసిన అనుభవం వారిది. అయితే వారికి డిగ్రీ లేదు కనుక ప్రొఫెసర్లు గొడుగు కింద కూర్చుంటారు, వీరు చేసి చూపిస్తారు. ఫీజు లక్ష రూపాయలన్నా తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఒక్క విషయంలోనే పట్టుబట్టారు. పిల్లవాడు సొంత జిల్లాలో పార పట్టినట్టు ఎవరి కంటనైనా పడితే మంచి సంబంధాలు రావట. అందుకే ఉప్పు మళ్ళ చుట్టూ ఎత్తయిన ప్రహరీ కట్టిస్తున్నాం. ఫోనులు గేటు దగ్గరే ఇచ్చి లోపలికి రావాలి.