సెట్‌యూఐడీ బిట్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సెట్‌యూఐడీ బిట్టు గారికి,

తమరు ఏ ప్రోగ్రామ్ మీద కూర్చుంటే అది, ఎవరు నడిపినా, దాని యజమాని హోదాలో నడుస్తుంది; ఆ యజమాని సాధారణంగా రూట్, అంటే లినక్స్‌లో సర్వాధికారి. నిన్న మధ్యాహ్నమంతా సర్వర్ సర్వర్‌కీ తిరిగి, ఫైలు పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్‌ని 0755 అని కొట్టి, వేరే యూజర్ హోదాలో కమాండ్లు నడిపించే పీకెఎగ్జెక్ మీద నుంచి తమర్ని సాగనంపాం. సాయంత్రం, ఆ పీకెఎగ్జెక్ ఉండే పోల్‌కిట్ ప్యాకేజీ అప్‌డేట్ అయింది. పర్మిషన్లు చూపే ఎల్ఎస్ కొట్టి చూస్తే 'ఎక్స్' ఉండాల్సిన చోట తగుదునమ్మా అని మళ్ళీ 'ఎస్' అయి కూర్చున్నారు. డెస్క్‌టాపే లేని సర్వర్‌లో తమరికేం పని స్వామీ?

తమరు లేకపోతే మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ కూడా మార్చుకోలేడు, పాస్‌వర్డ్‌ల వివరాలుండే షాడో ఫైలు రూట్‌ది కాబట్టి. ఒప్పుకుంటాం. పీకెఎగ్జెక్ సంగతే మింగుడుపడదు.

2009లో వచ్చిన తొలి వెర్షన్ నుంచీ అందులో లొసుగు ఉంది. భద్రతా సంస్థ క్వాలిస్ వాళ్ళు 2022 జనవరిలో బయటపెట్టారు: దాని నమోదు నంబరు సీవీఈ-2021-4034. ప్రోగ్రామ్ పేరుతో సహా ఒక్క ఆర్గ్యుమెంటూ ఇవ్వకుండా నడిపితే, అది లేని ఆర్గ్యుమెంటు కోసం చెయ్యి చాపుతుంది. మెమరీలో ఆ పక్కనే ఉన్నది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. దాన్నే ప్రోగ్రామ్ పేరనుకుని ప్రోగ్రామ్‌లుండే ఫోల్డర్ల జాబితా అయిన పాత్‌లో వెతికి, దొరికిన పూర్తి దారిని తిరిగి అక్కడే రాస్తుంది. ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించే లోడర్ ప్రమాదమని ముందే ఏరి పారేసిన జీకాన్వ్_పాత్ (ఎన్‌కోడింగ్ మార్చే లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే వేరియబుల్) అలా దొడ్డిదారిన లోపలికొస్తుంది. ఆపైన ఒక్క ఎర్రర్ మెసేజ్ ప్రింటవ్వాలి, అంతే. ఎన్‌కోడింగ్ మార్చడానికని దాడి చేసేవాడి లైబ్రరీని రూట్ హోదాలో ఎక్కించుకుంటుంది. పోల్‌కిట్ డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) నడవకపోయినా కొంప మునుగుతుంది! చివరికి లినక్స్ కెర్నల్ వాళ్ళే 5.18 వెర్షన్‌లో ఆ ఖాళీ పిలుపుకి అడ్డుకట్ట వేశారు.

రూట్ హోదాలో కమాండ్లు నడిపించే తమరి పెద్దబ్బాయి సుడో తక్కువ తిన్నాడా? ఫైళ్ళు ఎడిట్ చేసే వాడి రూపం సుడోఎడిట్‌కి -ఎస్ ఇచ్చి చివర ఒక బ్యాక్‌స్లాష్ పెడితే హీప్ (ప్రోగ్రామ్ వాడే మెమరీ) పొంగిపోయే లొసుగు 2011 నుంచి 2021 దాకా ఉంది. 2025లో వేరే ఫోల్డర్‌నే రూట్ డైరెక్టరీగా చూపించే చ్‌రూట్ ఆప్షన్‌లోని లొసుగు వంతు, సుడో 1.9.17పీ1 వేసుకోనివాళ్ళు ఇప్పుడైనా వేసుకోండి.

మర్యాదలు చాలు. నువ్వు మళ్ళీ మొలవడానికి కారణం తెలుసు: ప్యాకేజీ తనలో రాసి ఉన్న పర్మిషన్లనే ప్రతిసారీ తిరగరాస్తుంది. వట్టి సీహెచ్‌మాడ్ దానికి లెక్కే కాదు. అందుకే డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ పర్మిషన్ల బదులు మనవి నిలిపే డీపీకేజీ-స్టాట్‌ఓవర్‌రైడ్‌లో 0755 అని నమోదు చేశాం, ఇక ఎన్ని అప్‌డేట్లొచ్చినా అడుగుపెట్టలేవు. ఆర్‌పీఎం అనే వేరే రకం ప్యాకేజీలు వాడే మా మెషీన్లలో ఆ సుఖం లేదు. అక్కడ రోజూ నువ్వున్న ఫైళ్ళన్నీ వెతికే ఫైండ్ -పెర్మ్ -4000 నడిపి, నిన్నటి జాబితాతో డిఫ్ (తేడా) తీస్తాం. హోమ్, టెంప్ రెండూ నిన్ను పనిచేయనివ్వని నోసూయిడ్‌తో మౌంట్ అయ్యాయి. డిఫ్‌లో ఒక్క కొత్త లైను కనబడనీ, పీకి పారేస్తాం.

ఇట్లు,
ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ళు